అరగని నురగ

ప్లాంటు క్వార్టర్స్,
సోమవారం సాయంత్రం.

వదినా,

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. మొన్న ఫోన్‌లో నేను అరిచాను, నువ్వు అరిచావు, మధ్యలో అన్నయ్య ఫోన్ లాక్కుని, "మీరిద్దరూ కెమిస్ట్రీ మొదలుపెడితే ఇల్లు పేలిపోతుంది" అని జోకేసి పెట్టేశాడు. ఈ సంగతి జోకుల్లో కొట్టుకుపోవడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నా మాటకి ఎవరూ అడ్డురారు.

ఇప్పుడు నేను కూర్చున్న కిటికీలోంచి చూస్తే ఏరేషన్ ట్యాంకులు కనబడవు. నురగ కనబడుతుంది. నీకు తెలియనిది కాదు, ఊరి మురుగంతా వచ్చి చేరే ట్యాంకులవి. అడుగునుంచి గాలి ఊదుతుంటే, నీళ్లలోని సూక్ష్మజీవులు ఆ మురికినంతా తిని అరిగించుకుంటాయి. ఇదివరకు ఆ నీళ్ల మీద అక్కడక్కడా పల్చని తెట్టు ఉండేది, అంతే. ఇప్పుడు మనిషెత్తున నురగ లేస్తోంది. గాలి తిరిగితే గోడ దాటి రోడ్డు మీద పడుతోంది. నిన్న ఒక బస్సు డ్రైవరు దారి కనబడక నడిరోడ్డు మీద ఆపేశాడు. జనం దిగి, దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. అది తెల్లగా ఉంది కాబట్టి శుభ్రమైనదని అనుకుంటున్నారు. పక్క క్వార్టర్లో పసిపిల్ల గుప్పెడు నురగ తీసి నోట్లో పెట్టుకుంది. ఆ తల్లి వచ్చి నన్ను అడిగిన మాటలు ఇక్కడ రాయను. మా పైఅధికారి వచ్చి, "ఇది ప్లాంటా మేడమ్, ఐస్‌క్రీం దుకాణమా?" అని పదిమందిలో అడిగాడు.

మూడు నెలల నుంచే ఇది. సరిగ్గా మీ ఫ్యాక్టరీ బట్టల పౌడరు ధర తగ్గిన దగ్గర్నుంచి. ఊళ్లో ఏ దుకాణం ముందు చూసినా మీ ప్యాకెట్ల దండలే వేలాడుతున్నాయి. మా ఆపరేటర్లను అడిగాను, అందరి ఇళ్లలోనూ అదే. ఆ పౌడరు ఈ ఊరికి ఎన్నో ఏళ్లుగా వస్తోంది. అప్పుడు లేని నురగ ఇప్పుడెందుకొచ్చింది? ఏం మార్చావు?

నువ్వు మా ఇంటి కోడలివి కాకముందు మూడేళ్లు ల్యాబులో నా పక్క బెంచీ మీద నిలబడ్డావు. "నీ రీడింగు తప్పు" అని మేడం ముందే నా మొహం మీద అన్నావు. అప్పటి మనిషిగానే జవాబు రాయి.

మిరపకాయ


ఫ్యాక్టరీ కాలనీ,
శుక్రవారం.

ఒసే మిరపకాయా,

నీ ఉత్తరం చదివాక నాలుక మండింది. కాలేజీలో నీకా పేరు పెట్టిన వాళ్లకి దణ్ణం పెట్టాలి.

ఏమీ మార్చలేదు. చెవులు రిక్కించి విను, ఏమీ మార్చలేదు. ఫార్ములా నా చేతిలో ఉంది. సోడా, ఉప్పు, స్లరీ, అన్నీ ఎప్పటి పాళ్లే. స్లరీ అంటే నువ్వు మళ్లీ ఎగురుతావు కాబట్టి ముందే చెప్తున్నాను, మురికి వదిలించే ఆ ముద్దే పౌడరుకి ప్రాణం కదా, దాన్ని ఇంకా జాగ్రత్తగా చూస్తాం. సరుకు కొనేది మీ అన్నయ్య, పరీక్షించేది నేను. మొగుడూ పెళ్లాలం ఇద్దరం గుమ్మం దగ్గర కాపలా ఉంటే ఏ దొంగ దూరతాడే లోపలికి? ప్రతి డ్రమ్ములోంచీ నమూనా తీస్తాం. పనిచేసే పదార్థం ఎంత శాతముందో, రంగెలా ఉందో, తేమెంతో చూస్తాం. అన్నీ పాసయ్యాకే నా సంతకం పడుతుంది.

ఇక నురగంటావా, అది నా తలరాత. నురగకీ మురికి వదలడానికీ పెద్ద సంబంధం లేదని నేను మొత్తుకోని రోజు లేదు. స్లరీలో ఉండే అణువుకి తల నీళ్లని పట్టుకుంటుంది, తోక జిడ్డుని పట్టుకుంటుంది, రెండూ కలిసి మురికిని బట్ట మీద నుంచి ఎత్తుకుపోతాయి. నురగ వట్టి హడావుడి, పెళ్లిలో బాజాల్లాంటిది. ఒకసారి నురగ తక్కువొచ్చే పౌడరు చేసి కాలనీ ఆడవాళ్లకిచ్చాను. బట్టలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. అయినా ప్యాకెట్లు తిప్పి పంపారు. "ఇందులో పస లేదమ్మా" అన్నారు. మరి నేనేం చెయ్యను?

నీ ప్లాంటులో గాలి సరిగ్గా అందక పురుగులు చస్తున్నాయేమో చూసుకో. బ్లోయర్లు ఎన్నాళ్లయింది బాగు చేయించి? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ గోల.

నీ ఉత్తరం అన్నం తినేటప్పుడు మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కాసేపు కంచం వంక చూసి, "దానికి చిన్నప్పట్నుంచీ అంతే, తన బొమ్మ విరిగితే పక్కింటివాళ్ల మీద చాడీలు" అని నవ్వాడు. పెరుగు వడ్డించేలోపే లేచి చెయ్యి కడుక్కున్నాడు. నువ్వు రాసింది చూసి ఆయనకీ మనసు కష్టపడింది. కాస్త నోరు అదుపులో పెట్టుకో.

నిదానం
(ఆ పేరు పెట్టింది నువ్వే)


ప్లాంటు క్వార్టర్స్,
ఆదివారం.

నాణ్యతా విభాగం అధికారిణి గారికి,

బ్లోయర్లు బాగున్నాయి. మా ఆపరేటరే బాగాలేడు.

అసలు పేరు రికార్డుల్లో ఉంటుంది గానీ ఇక్కడ అందరికీ ఆయన మైకు. ప్లాంటు ఆ చివర నిలబడి పిలిస్తే ఈ చివర నా చేతిలో టీ ఒలికేది. బుధవారం మధ్యాహ్నం నురగ మీద నీళ్లు చల్లే గొట్టాలు పూడుకుపోయాయి. వాటిని విప్పడానికి ట్యాంకుల మధ్య నడిచే దారి మీదికి వెళ్లాడు. అక్కడ మోకాళ్ల దాకా నురగ.

"వద్దు మైకూ, గాలి ఆపిస్తాను, అప్పుడు వెళ్దువుగాని" అన్నాను.

"గాలాపితే మా పురుగులు చచ్చిపోయాయని మళ్లీ మీరే ఏడుస్తారు మేడమ్" అని నవ్వుతూ వెళ్లాడు. నేను బ్లోయర్ల గదివైపు పరిగెత్తుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే దారి మీద మనిషి లేడు. కమ్మీలు లేనిచోట గొలుసు ఒకటి కడతాం, దాని కిందనుంచి జారిపోయాడు. కేక వెయ్యలేదు. ఆ గొంతున్న మనిషి ఒక్క కేక వెయ్యలేదు. నురగ తెరుచుకుని మళ్లీ మూసుకుపోయింది. ఎక్కడ పడ్డాడో తెలియదు. గాలి నిండిన ఆ నీళ్లలో ఎంత ఈతగాడైనా తేలడు, నీళ్లు మనిషిని మొయ్యవు. గాలి ఆపి, కొక్కెం కర్రలతో నురగంతా దేవి, చొక్కా తగిలితే లాగాం.

బతికాడు. కానీ ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. డాక్టరమ్మ చెప్పింది విను. మన ఊపిరితిత్తుల్లోని సన్న గాలి సంచులకి లోపల ఒక పల్చని పొర ఉంటుందట. అదీ ఒక రకం సబ్బులాంటి పదార్థమే, ఒంట్లోనే తయారవుతుంది. తడిగా ఉన్న ఆ సంచులు తలతన్యత వల్ల ముడుచుకుని అతుక్కుపోకుండా అదే కాపాడుతుంది. మురుగుతో పాటు లోపలికి పోయిన డిటర్జెంటు ఆ పొరని పాడుచేసిందట. తేరుకోవడానికి చాలాకాలం పట్టొచ్చు, పూర్తిగా తేరుకోకపోనూవచ్చు అంది. ఇప్పుడాయన మాట్లాడితే చెవి పెదాల దగ్గర పెట్టాలి. "మేడమ్, గొట్టం విప్పానా?" అని అడిగాడు. అది అడగడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ఇక మీ శాతాలూ, మీ సంతకాల సంగతి. ఎనిమిది రోజుల కింద, నీ ఉత్తరం వచ్చిన రోజే రెండు జాడీలు పెట్టాను. రెండిట్లోనూ మా ట్యాంకు బురదనీళ్లే. ఒకదాంట్లో సింకు కింద మిగిలిన మీ పాత ప్యాకెట్ పౌడరు, ఒకదాంట్లో కొత్తది. గాలి ఊదుతూ, రోజూ కాస్త తీసి మిథిలీన్ బ్లూ, క్లోరోఫాం వేసి ఊపి చూశాను. అడుగుకి దిగిన క్లోరోఫాం నీలంగా మారితే డిటర్జెంటు ఇంకా ఉన్నట్టు. మనిద్దరం కలిసి చేసిన ప్రయోగమే. పాత పౌడరు జాడీలో వారం తిరిగేసరికి నీలం పోయి తేటగా వచ్చింది. కొత్తదాంట్లో ఇవాళ్టికీ సిరాలా ఉంది.

నీకు నేను పాఠం చెప్పాలా? అణువు తోక తిన్నగా ఉంటే సూక్ష్మజీవి చివర్నుంచి కొరుక్కుంటూ పోయి అరిగించుకుంటుంది. తోకకి కొమ్మలుంటే దాని పళ్లు ఆనవు. నురగ అలాగే ఉండిపోతుంది. అందుకే కదా కొమ్మల సరుకుని అందరూ ఎప్పుడో వదిలేశారు? అది మీ పౌడర్లో ఉంది. "చెవులు రిక్కించి విను, ఏమీ మార్చలేదు" అన్నావు.

అబద్ధాలకోరువి నువ్వు.

ప్లాంటు ఇంజినీరు


ఫ్యాక్టరీ కాలనీ,
గురువారం.

మరదలికి,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా గోదాముకి వెళ్లాను. డ్రమ్ముల మీద అదే పేరు, అదే ముద్ర. నా ల్యాబులో మళ్లీ పరీక్షించాను. శాతం పాసు, రంగు పాసు, నురగ ఎప్పటికంటే ఎక్కువ. మేం చేసే పరీక్షలకి తోక ఎలా ఉందో కనబడదు. అందుకని మూడు డ్రమ్ముల్లోంచి సీసాల్లోకి తీసి, యంత్రమున్న వేరే ల్యాబుకి నేనే తీసుకెళ్లాను. నువ్వు చెప్పింది నిజం. అంతా కొమ్మలదే.

డైరెక్టరు గదికి వెళ్లాను.

"నురగ బాగానే వస్తోందిగా? ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే?" అన్నాడు.

"ఒకాయన ఆసుపత్రిలో ఉన్నాడండీ."

"మన గేటు లోపల కాదుగా?"

ఆ బల్ల మీదున్న గ్లాసు ఎత్తి కొట్టనందుకు నన్ను నేను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియడం లేదు. ఇక ఒక్క డ్రమ్ము మీద కూడా సంతకం పెట్టనని చెప్పి వచ్చేశాను. సాయంత్రానికల్లా నన్ను సెలవు మీద ఇంట్లో కూర్చోమన్నారు.

ఎవరు తెప్పించారని అడుగుతావు. అడక్కు. పరీక్షించాల్సింది నేను, సంతకం నాది, కాబట్టి నింద నాది. ఎంక్వయిరీ వస్తే అంతే చెప్పు. కొన్నాళ్లు మా ఇంటికి రావద్దు.

ఒక్కటి మాత్రం మింగలేను. నాకు తెలియక తప్పు జరిగింది, ఒప్పుకుంటాను. తెలిసి అబద్ధం ఆడలేదు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నన్ను వదినా అని పిలవకు.

(సంతకం పెట్టాలని లేదు)


ప్లాంటు క్వార్టర్స్,
మంగళవారం.

అయితే పిలవను.

నింద నాది, నింద నాది అని త్యాగమూర్తిలా రాశావు. ఎంత బాగుందో! నిజమేనేమో, ఎవరినో కాపాడుతోందేమో అని నాలుగు రోజులు నిద్రపోకుండా ఆలోచించాను. నిన్న అన్నయ్య వచ్చి వెళ్లాడు. ఇక ఆలోచించాల్సిన పని లేదు.

బుట్టెడు పళ్లు పట్టుకుని ఆసుపత్రికే వచ్చాడు. మైకు భార్య ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఇళ్లలో కుట్టుపని చేసుకునే మనిషి. ఇప్పుడు పగలూ రాత్రీ మొగుడి మంచం దగ్గరే ఉంటోంది. "మీరెవరండీ?" అని అడిగింది. "మేడంగారి అన్నయ్యని" అన్నాడు. ఆవిడ లేచి కుర్చీ తుడిచి వేసింది.

తర్వాత వరండాలోకి తీసుకెళ్లి నాతో ఏమన్నాడో తెలుసా? "మీ వదినని ఏమీ అనకే. పని ఒత్తిడి. చూసుకోకుండా పాస్ చేసేసింది. నేను ముందే చెప్పాను, ఈ సరుకు కాస్త తేడాగా ఉంది, చూడు అని. వినలేదు" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నిన్ను నా ముందు నిలబెట్టడానికి ఆయన సిగ్గుపడుతున్నాడు. నీ తప్పుకి మా అన్నయ్య నా ముందు ఏడుస్తున్నాడు!

చెప్పినా వినలేదా నువ్వు? మళ్లీ నాకు, "ఏ దొంగ దూరతాడే" అని రాశావా?

వచ్చే సోమవారం ఎంక్వయిరీ. నీ పేరే చెప్తాను. నువ్వు కోరుకున్నదే కదా. మైకు మంచం దిగి తలుపు దాకా నడవలేకపోతున్నాడు. ఆయన భార్య, "మాట్లాడొద్దు, మాట్లాడొద్దు" అని ఆయన నోటి మీద చెయ్యి పెడుతోంది. ఆ చెయ్యి నాకు కనబడినంతకాలం నీకు నా దగ్గర జాలి దొరకదు.


ఫ్యాక్టరీ కాలనీ,
గురువారం పొద్దున్నే.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. రాత్రంతా నిద్రపోలేదు. అక్షరాలు కుదరకపోతే సర్దుకుని చదువుకో.

ముందే చెప్పాడా? నాకు? మీ అన్నయ్య?

ఇక దాచను. దాచి బావుకున్నది ఏమీ లేదు. మైకు పడ్డాడని నీ ఉత్తరం వచ్చింది చూడు, ఆ సరుకుని యంత్రం మీద చూపించుకుని వచ్చిన సాయంత్రం, మీ అన్నయ్య చెప్పులు విప్పుకుంటుండగానే అడిగాను.

"ఆ స్లరీ ఎక్కడిది?"

"ఎక్కడిదైతే ఏంటి, నీ ల్యాబులో పాసయిందిగా?"

"అది కొమ్మలదని మీకు తెలుసా?"

విప్పిన చెప్పు చేత్తోనే పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "తెలుసు. అమ్మినవాడే చెప్పాడు. ఎక్కడో మూలపడ్డ నిల్వ, సగానికి సగం చవక. మన డ్రమ్ముల్లోకి పోసి ఇవ్వమన్నాను. బట్టలు తెల్లగానే అవుతున్నాయి కదా. బట్ట వదిలాక నీళ్లలో ఏమవుతుందో ఎవడు చూస్తాడు?"

"మీ చెల్లెలు చూస్తుంది. ఆవిడ ఉద్యోగమే అది" అన్నాను.

అప్పుడు కూలబడ్డాడు. నా మొగుణ్ణి అలా ఎప్పుడూ చూళ్లేదు. "దానికి చెప్పకు. ఉద్యోగం పోతే పోనీ, జైలైనా సరే. దానికి మాత్రం తెలియనివ్వకు. దాని కళ్లలో పడిపోతే నేను బతకలేను" అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నువ్వంటే ఆయనకెంత ప్రాణమో నాకు తెలుసు. ఆయనంటే నీకెంతో ఇంకా బాగా తెలుసు. అందుకే నింద నాది అని రాశాను. నువ్వు ఇంటికొస్తే నా మొహం చూసి పసిగడతావని రావద్దన్నాను. పిచ్చిముండని. ఆయన్ని నీ దృష్టిలో నిలబెట్టడానికి నేను వంగితే, ఆయన నా వీపు మీద కాలుపెట్టి ఎక్కి నీ దగ్గర ఏడ్చొచ్చాడు. ఆ మంచం పక్కన, ఆవిడ తుడిచి వేసిన కుర్చీలో కూర్చుని!

నువ్వు ఎలా నమ్మావే? ఆయన మొగుడు, సరే, భయంతో అబద్ధం ఆడాడు. నువ్వు? ఒక్క మధ్యాహ్నంలో నమ్మేశావా? నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టే మనిషినని? నీ రీడింగు తప్పని మేడం ముందు చెప్పినదాన్ని నేను!

ఎంక్వయిరీ దాకా ఆగను. ఇవాళే వెళ్లి మొత్తం రాసిచ్చి వస్తున్నాను. రాత్రి ఆయన ఎదురుగానే కూర్చుని, నేను చెప్పబోయేది పొల్లు పోకుండా చదివి వినిపించాను. "ఇల్లు కూల్చుకుంటావా?" అన్నాడు. "నేను ఎక్కడికీ వెళ్లను. వెళ్లాల్సింది మీరు" అన్నాను. సూట్‌కేసు తీసుకుని ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసుకి పోయాడు.

సోమవారం నిన్ను అడుగుతారు. వరండాలో ఆయన నీతో అన్న మాటలు చెప్తావో, మింగుతావో, నీ ఇష్టం. నేను బతిమాలను.


ప్లాంటు క్వార్టర్స్,
సోమవారం.

పైన ఏమని పిలవాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

చెప్పాను. అంతా చెప్పాను. పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆవిడ అడిగింది, "ఈ సరుకు కొన్న వ్యక్తి మీతో ఏమన్నారు?" వరండాలో అన్నది అక్షరం మార్చకుండా చెప్పాను. అన్నయ్య ఒప్పుకుంటూ నీకు చెప్పింది కూడా నువ్వు రాసినట్టే చెప్పాను. "ఆయన మీకేమవుతారు?" అని అడిగింది. "తోడబుట్టినవాడు" అన్నాను. రాసుకుంటున్న కలం ఆగింది. ఆవిడ నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. నేను తాగలేదు. తాగితే ఏడుపొచ్చేది. ఏడవడానికి వెళ్లలేదు నేను.

బయటికి రాగానే అన్నయ్య ఫోన్. "నా రక్తం పంచుకు పుట్టినదానివేనా నువ్వు? చిన్నప్పుడు నువ్వు పగలగొట్టిన ప్రతిదానికీ నేనే కదే దెబ్బలు తిన్నాను!" అని అరిచాడు. నిజమే తిన్నాడు. "తిన్నావు. మరి ఈసారి నీ దెబ్బలకి వదిన వీపు ఎందుకు పెట్టావురా?" అన్నాను. పెద్దయ్యాక అన్నయ్యని 'రా' అనడం ఇదే మొదలు. పెట్టేశాడు.

సాయంత్రం నుంచి లారీలు తిరుగుతున్నాయి. దుకాణాల్లోంచి మీ ప్యాకెట్లు వెనక్కి తీసుకుంటున్నారు. పాత స్లరీ వచ్చేదాకా తయారీ ఆపమన్నారట. ఇళ్లలో ఉన్నది అయ్యేదాకా నురగ తగ్గదు. తగ్గనీ, మెల్లగానే తగ్గనీ. గొలుసు ఉన్నచోట ఇవాళ నేనే నిలబడి ఇనుప కమ్మీలు అతికించాను. ఇంతకుముందే అతికించమని మూడుసార్లు పైకి రాశాను. మనిషి పడ్డాక ఒక్కపూటలో మంజూరైంది. ఎవరి మీద అరవాలో కూడా తెలియనంత మంది ఉన్నారు.

నిన్ను అబద్ధాలకోరువన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎలా నమ్మావే అని అడిగావు. జవాబు వెతికాను. వాడు ఏడుస్తున్నాడు, నువ్వు ఏడవలేదు. అంతకంటే గొప్ప కారణం దొరకలేదు. సిగ్గుగా ఉంది.

మిరపకాయ అని రాసుకునే అర్హత ఉందో లేదో నువ్వే చెప్పు.


ఫ్యాక్టరీ కాలనీ,
శనివారం.

మిరపకాయా,

వెనక్కి తీసుకున్న మాట ముట్టింది. వదినా అని పిలవచ్చు. కానీ కోపం మాత్రం పోలేదు, దాన్ని తొందరపెట్టకు. నాకు కోపం రావడమే ఆలస్యం, పోవడం ఇంకా ఆలస్యం.

ఆయన ఇవాళ వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. ఉద్యోగం తీసేశారు. డైరెక్టరు మాత్రం తనకేమీ తెలియదన్నాడట, ఆయన కుర్చీ కదల్లేదు. ఆ సంగతి నేను వదలను, అది వేరే మాట. గుమ్మం అవతల నిలబడి, "లోపలికి రానా?" అని అడిగాడు. పదహారేళ్లుగా ఆయన ఇల్లే ఇది.

"నాకు చెప్పారు. ఎంక్వయిరీలో దొరికిపోయాక వాళ్లకీ చెప్పారు. చెప్పాల్సినవాళ్లకి ఇంకా చెప్పలేదు" అన్నాను. "ఆ మంచం దగ్గరికి వెళ్లి, నేనే తెప్పించాను, తెలిసే తెప్పించాను అనండి. వాళ్లేమంటే అది పడండి. తర్వాత రావాలో వద్దో మాట్లాడుకుందాం."

"వాళ్లు కొడితే?" అన్నాడు.

"కొట్టనివ్వండి."

మంగళవారం ఆసుపత్రికి వస్తాడు. నువ్వు సాయం చెయ్యకు. ఆయన మాటలు నువ్వు అందించకు. అంతే నేను నిన్ను అడిగేది.

నిదానం


ప్లాంటు క్వార్టర్స్,
బుధవారం.

వదినా,

వచ్చాడు. ఈసారి పళ్లు తేలేదు. మధ్యాహ్నం, వార్డులో ఎండ నిండుగా ఉంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, నువ్వు చెప్పినట్టే.

మైకు భార్య మళ్లీ కుర్చీ వెయ్యబోయింది. "వద్దమ్మా" అన్నాడు. నిలబడే చెప్పాడు. నీళ్లు నమిలాడు, రెండుసార్లు ఆగాడు, నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. చివరికి "తెలిసే తెప్పించాను" అన్నాడు. మాటల్ని అటూ ఇటూ తిప్పలేదు. నీ పేరు ఎత్తలేదు.

ఆవిడ కుర్చీని మళ్లీ గోడ పక్కకి నెట్టింది. మైకు ఏదో అడిగాడు. అన్నయ్యకి వినబడలేదు. వంగి, చెవి దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. "ఎందుకు సార్?" అని అడిగాడట.

"చవగ్గా వచ్చిందని."

మైకు నవ్వబోయాడు. అది దగ్గయింది. మొహం నల్లబడిపోయింది. ఆవిడ ఒక్క అంగలో వచ్చి ఆయన్ని లేపి కూర్చోబెట్టి, అన్నయ్య చేతులు లాగి ఆయన వీపు వెనక పెట్టింది. "ఇలా పట్టుకోండి. ఇంకాస్త ముందుకి. వదలకండి" అంది. దగ్గు తగ్గింది. అన్నయ్య చేతులు తీయబోతే కసిరింది.

"వదలొద్దన్నానా? పడుకోబెడితే ఊపిరాడదు. నిద్రపట్టేదాకా ఇలాగే పట్టుకోవాలి. రోజూ నేనే పడుతున్నా. ఇవాళ మీరు పట్టండి."

తిట్టలేదు వదినా. కొట్టలేదు. శపించినా నాకు తేలిగ్గా ఉండేది. అన్నయ్య మంచం అంచున సగం కూర్చుని, ఆ వీపుకి రెండు అరచేతులూ ఆన్చి ఉండిపోయాడు. లోపల గరగరమంటున్న ఊపిరి ఆ చేతులకి తెలుస్తూనే ఉండి ఉంటుంది. కొంతసేపటికి అన్నయ్య భుజాలు వణకడం మొదలుపెట్టాయి. ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. చిన్నప్పుడు మొయ్యలేని బరువెత్తినప్పుడు అలాగే చూసేవాడు, నేను పరిగెత్తుకెళ్లి రెండో వైపు పట్టుకునేదాన్ని. కాలు ముందుకి పడింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

ఆవిడ బయటికొచ్చి వరండా బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఏదైనా అంటుందేమోనని చూశాను. గోడకి తల ఆన్చి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో అది. నోరు కాస్త తెరుచుకుని, చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ జారిపోయి.

నర్సు వచ్చి లేపబోయింది. వద్దని సైగ చేశాను. లోపల అన్నయ్య ఇంకా అలాగే ఉన్నాడు. ఎండ మంచం మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. ఆవిడ తనంతట తాను లేచేదాకా నేను బెంచీ మీద నుంచి కదల్లేదు, వాణ్ణీ కదలనివ్వలేదు.

మిరపకాయ